ముందు చాప, ఆ తర్వాతే బట్ట

సొకాకు తకెదా దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకదాంట్లో తన దగ్గర విద్య నేర్చుకున్నవాళ్ల పేర్లూ ముద్రలూ. రెండోదాంట్లో వాళ్లిచ్చిన సొమ్ము. దాయితో-ర్యూ జుజుత్సులో ఆ కాలంలో ఆయనంతటి దిట్ట లేడు. ఒకచోట బడి పెట్టుకుని కూర్చోకుండా ఊరూరా తిరుగుతూ, పది రోజుల చొప్పున శిబిరాలు నడిపేవారు. ఆయనకు రాయడం రాదు, ఎదుటివాళ్ల చేత రాయించేవారు. అయినా లెక్క మాత్రం తప్పలేదు. ఎవరొచ్చారు, ఎన్నాళ్లున్నారు, ఎంతిచ్చారు అన్నది ఆ పుస్తకాలు చూస్తే ఈనాటికీ తెలుస్తుంది.

1915లో హొక్కైదో దీవిలోని ఎన్‌గరు ఊళ్లో ఒక సత్రంలో ఆయన్ని కలిసిన ముప్ఫై ఒక్కేళ్ల మనిషి మొరిహెయ్ ఉయెషిబా. అప్పటికి మూడేళ్ల కిందటే సొంతూరు టనబె నుంచి కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని షిరతకి అడవుల్లో సేద్యం చేయడానికి వచ్చినవాడు. తకెదా పట్టు రుచి చూశాక పనులన్నీ పక్కనపెట్టి ఆ శిబిరంలో కూర్చుండిపోయాడు. తర్వాత గురువును తన ఊరికే పిలిపించుకున్నాడు, నేర్చుకున్నదానికి రుసుము కట్టాడు, వంట వండిపెట్టి, స్నానానికి నీళ్లు కాచి సేవ చేశాడు. 1919 చివర్లో తండ్రికి ప్రాణం మీదికొచ్చిందని కబురందితే, షిరతకిలో ఉన్న ఇంటిని గురువుకు వదిలేసి బయల్దేరాడు. 1922లో నేర్పడానికి అనుమతి పత్రం ఇస్తూ తకెదా పెట్టిన షరతు కూడా పుస్తకంలోకెక్కింది: కొత్తగా చేరే ప్రతి శిష్యుడి తరఫునా మూడు యెన్‌లు గురువుకు పంపాలి.

ఐకిడో అని నేడు లోకమంతా పిలుస్తున్న విద్యను రూపొందించింది ఈ ఉయెషిబాయే. ఒక ఇల్లూ, కొన్నేళ్ల చాకిరీ, లెక్కగట్టి ఇచ్చిన రొక్కం ఆ విద్య పునాదిలోనే ఉన్నాయి. కాబట్టి సాధన చేసే చోటైన దోజో గుమ్మం దగ్గర నిలబడి ‘చేరితే ఎంతవుతుందండీ, ఏం కొనుక్కోవాలి’ అని అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. ఆ ప్రశ్న ఐకిడో కన్నా పాతది.

కొత్తగా చేరేవాళ్ల చూపు ముందుగా బట్టల మీద పడుతుంది. అది సహజమే. తెల్లటి దళసరి చొక్కా, నడుముకు పట్టీ, సీనియర్ల ఒంటి మీద పాదాల దాకా జారే నల్లటి కుచ్చిళ్ల హకామా. స్టీవెన్ సీగల్ 1988లో ‘అబవ్ ది లా’ సినిమాతో తెర మీదికి వచ్చినప్పుడు చాలామంది మొదటిసారి చూసింది ఈ వేషాన్నే. ఆ బట్టలు కొంటే సగం ఐకిడో వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ ఈ విద్యలో డబ్బు నిజంగా ఎటు పోతుందో లెక్కవేస్తే బట్టల వంతు చాలా చిన్నది, పైగా చివరిది.

టోక్యోలోని ప్రధాన కేంద్రం, హోంబు దోజోనే తీసుకుందాం. షింజుకులో, 1931లో కొబుకాన్ పేరుతో వెలిసిన తొలి దోజో స్థలంలోనే ఇప్పటి కాంక్రీటు భవనం ఉంది. నెల రుసుము ఇటీవలి ఏళ్లలో పదివేల యెన్‌లకు కాస్త పైన ఉంటోంది. చేరిక రుసుము విడిగా కట్టాలి. ఆ నెల సొమ్ముతో పొద్దున ఆరున్నర క్లాసు మొదలుకొని రాత్రి క్లాసు దాకా రోజూ ఎన్నింటికైనా వెళ్లవచ్చు. నెలకు నాలుగు పూటలు వెళ్లేవాడికి పూటకు రెండున్నర వేల యెన్‌లు పడుతుంది. పాతిక పూటలు వెళ్లేవాడికి నాలుగు వందలు. ఒకటే దోజో, ఒకటే ఫీజు. ఖరీదు మాత్రం వెళ్లే మనిషిని బట్టి ఆరింతలు మారిపోతోంది.

ఇంకో లెక్క చూడండి. హోంబు పద్ధతిలో నల్ల పట్టీకి ముందుండే మెట్లను క్యూ అంటారు. అయిదో క్యూ పరీక్షకు కనీసం 30 రోజుల సాధన ఉండాలి. ఆ తర్వాత వరసగా 40, 50, 50, 60. మొదటి క్యూ నుంచి షొదాన్, అంటే తొలి నల్ల పట్టీ, చేరడానికి 70. అన్నీ కలిపితే 300 రోజులు. వారానికి మూడు రోజుల చొప్పున వెళితే వంద వారాలు, సుమారు రెండేళ్లు. నెలకు పదివేలు అనుకున్నా రెండు లక్షల నలభై వేల యెన్‌లు. అదే ఊళ్లో తొలి డ్రెస్ పదివేల లోపే దొరుకుతుంది. దుకాణంలో ఏ రకం కొనాలా అని గంటసేపు తర్జనభర్జన పడే మనిషి, దోజోకు ఒక్క నెల ఎగ్గొడితే అంత సొమ్మూ పోగొట్టుకున్నట్టే.

పైకి కనిపించని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. పరీక్ష రుసుములు వేరు. టోక్యో నుంచి వచ్చే దాన్ (నల్ల పట్టీ మెట్టు) ధ్రువపత్రానికి వేరే కట్టాలి, మెట్టు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పేరున్న గురువు వచ్చి శిబిరం పెడితే దానికి రుసుము, ప్రయాణం, బస. ఫ్రాన్స్‌లో చాలా దోజోలు లాభాపేక్ష లేని సంఘాలుగా నడుస్తాయి. అక్కడ ఏటా కట్టే లైసెన్సులోనే బీమా కూడా ఉంటుంది. అమెరికాలో నెలవారీ చందా పద్ధతి ఎక్కువ. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పిల్లల్ని ఏదో ఒక మార్షల్ ఆర్ట్స్‌లో చేర్పించే తెలుగు తల్లిదండ్రులు డ్రెస్ ధర కన్నా ముందు అడగవలసినవి మూడున్నాయి. ఏడాదికి ఒప్పందం రాయించుకుంటారా, మధ్యలో మానేస్తే సంగతేమిటి, పరీక్షల ఫీజు ఇందులో కలిసుందా లేదా.

ఈ డబ్బంతా గురువుల జేబులోకి పోతోందని అనుకుంటే తప్పు. ఐకిడో నేర్పేవాళ్లలో చాలామందికి పొట్టకూటికి వేరే ఉద్యోగం ఉంటుంది. ఇదీ కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక టోక్యో దోజో పరిస్థితి తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. బాంబు దాడుల్లో ఇళ్లు కాలిపోయిన కుటుంబాలు అందులో తలదాచుకుంటున్నాయి. ఉయెషిబా ఇవామా పల్లెలో పొలం చేసుకుంటున్నారు. దోజో బాధ్యత మోస్తున్న కొడుకు కిష్షొమారు ఒక సెక్యూరిటీల కంపెనీలో ఉద్యోగానికి కుదిరారు. జీతం తెచ్చి దోజోను నిలబెట్టారు, ఏళ్ల తరబడి అలాగే నడిపారు. చాపలు, కప్పు, కరెంటు, అద్దె అన్న నాలుగింటికే నేటికీ చాలాచోట్ల నెల ఫీజంతా సరిపోతుంది. అందుకే సెలవుల్లో రాకపోయినా ఫీజు మానకుండా కట్టే శిష్యుడు ఆ దోజోకు మూలస్తంభంలాంటివాడు.

ఇక బట్టల సంగతి.

కేకోగి అని పిలిచే ఆ తెల్ల డ్రెస్ ఐకిడోకు జూడో నుంచి వచ్చింది. 1882లో కొదొకాన్ అనే జూడో బడి పెట్టిన జిగొరో కానో శిష్యులు మొదట్లో పొట్టి చేతులు, పొట్టి లాగులతోనే సాధన చేసేవారు. మోచేతులు, మోకాళ్లు గీరుకుపోతుంటే చేతులూ లాగులూ పొడుగయ్యాయి. ఒకినావా నుంచి టోక్యో వచ్చిన గిచిన్ ఫునకొషి 1922లో కొదొకాన్‌లో కరాటే ప్రదర్శించవలసి వచ్చినప్పుడు తెల్లగుడ్డ కొనుక్కొచ్చి, జూడో డ్రెస్ నమూనాలో చేత్తోనే కుట్టుకున్నారని ఆ రోజు ఆయన పక్కన నిలిచిన గీమా చెప్పారు. ఇవాళ పవిత్రంగా మడతపెట్టుకునే ఈ బట్టలు అవసరం పుట్టించినవి. వాటి మంచిచెడ్డలు కూడా అవసరాన్ని బట్టే చూడాలి.

ఐకిడోలో ఆ అవసరాలేమిటి? ఎదుటివాడు మణికట్టు పట్టుకుంటాడు, చొక్కా చెయ్యి పట్టుకుంటాడు, భుజం దగ్గర గుప్పెడు గుడ్డ ఒడిసిపట్టి లాగుతాడు. టీషర్టయితే రెండు పూటల్లో సాగి వేలాడుతుంది, మూడో పూట చిరుగుతుంది. కరాటే డ్రెస్ పల్చన. గుద్దులు, తన్నులకు తేలిగ్గా ఉండాలని అలా నేస్తారు. లాగుళ్లకు అది ఎక్కువకాలం ఆగదు. పోటీల జూడో డ్రెస్ జంట నేతది, మహా దళసరి. అది ఆగుతుంది కానీ ఉక్కపోత చంపేస్తుంది. మధ్యస్థంగా ఉండేది ఒంటి నేత జూడో డ్రెస్, బియ్యపుగింజల్లా పైకి తేలే నేతతో ఉంటుంది. నేర్చుకునే మొదటి ఏళ్లకు అదే చక్కటి ఎంపిక. ఐకిడో కోసమే ప్రత్యేకంగా కుట్టేవాటిలో చేతులు కాస్త పొట్టిగా ఉండి మణికట్టు బయటికి కనిపిస్తుంది, మోకాళ్ల దగ్గర రెండో పొర ఉంటుంది. ఆ రెండో పొర ఎందుకో మోకాళ్ల మీద నడిచే షిక్కో చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కూర్చుని చేసే పట్లలో చాప మీద రాసుకుపోయేది ముందు ప్యాంటు మోకాళ్లు, తర్వాత చర్మం. టోక్యోలోని యోషిన్‌కాన్ ఐకిడో దోజోలో ఏడాదిపాటు పోలీసులతో కలిసి శిక్షణ పొందిన ఇంగ్లండు రచయిత రాబర్ట్ ట్విగ్గర్ 1997లో రాసిన పుస్తకానికి ‘యాంగ్రీ వైట్ పైజమాస్’ అని పేరు పెట్టాడు. మోకాళ్ల పుళ్లు మానకముందే మళ్లీ చాప మీద కూర్చోవలసిన రోజులు అందులో కళ్లకు కడతాయి.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటుంది. నూలు బట్ట ఉతికితే కుంచించుకుపోతుంది. సరిగ్గా ఒంటికి అతికినట్టున్నది కొంటే నెల తిరిగేసరికి చేతులు మోచేతుల దాకా ఎగబాకుతాయి. ఒక సైజు పెద్దది తీసుకుని చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తే మేలు. బ్లీచింగ్ తగలనివ్వకూడదు, నేత చచ్చిపోతుంది. వేసుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేయడం జపాన్‌లో చనిపోయినవాళ్లకు. మొదటి రోజు ఇది తెలియక తిరగేసి కట్టుకునేవాళ్లను చేయిపట్టి సరిచేసే సీనియర్ ఒకరు ప్రతి దోజోలోనూ ఉంటారు.

పట్టీకి విడిగా ఖర్చు తక్కువ. సాధారణంగా తెల్ల పట్టీ డ్రెస్‌తో పాటే వస్తుంది. పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ మెట్టుమెట్టుకూ మారే రంగుల్ని 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన మికినొసుకె కవైషి ప్రచారంలోకి తెచ్చారు. హోంబు దోజోలో పెద్దవాళ్లకు ఆ రంగులు లేవు. నల్ల పట్టీ వచ్చేదాకా తెలుపే. ఆ 300 రోజులూ కొత్తగా వచ్చినవాడికీ, రేపో మాపో షొదాన్ పరీక్ష రాయబోయేవాడికీ నడుము దగ్గర ఒకటే తెలుపు. ఇంతకన్నా పొదుపైన, ఇంతకన్నా మర్యాదైన పద్ధతి మరొకటి ఉండదు.

హకామా దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఇది కాస్త ఆగి చూడవలసిన కథ.

ముందు అయిదు కుచ్చిళ్లు, వెనక రెండు. నడుము వెనక గట్టి పలక, ముందువీ వెనకవీ నాలుగు పొడుగాటి నాడాలు. గుర్రాలెక్కిన సమురాయ్‌ల కాలం నాటి వస్త్రం. ఏడు కుచ్చిళ్లకు కరుణ, ధర్మం, మర్యాద మొదలైన ఏడు సుగుణాలను అంటగట్టి చెబుతారు. సాధన అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుచ్చు సరిచేస్తూ మడతపెట్టడం కూడా శిక్షణలో భాగమే. గురువుగారి హకామాను శిష్యులు మడవడం చాలా దోజోల్లో ఆనవాయితీ. నూలుతో నేసి నీలిమందు అద్దినది అందంగా ఉంటుంది, బరువుగా వేలాడుతుంది, మొదటి ఉతుకుల్లో రంగు వదిలి తెల్ల చొక్కాను నీలం చేస్తుంది. టెట్రాన్ అనే కలనేత గుడ్డది ఇంట్లోనే ఉతకవచ్చు, ముడత తక్కువ, ధరా తక్కువ. తొలి హకామాగా దాన్నే కొనాలి.

అసలు ప్రశ్న, ఎవరు వేసుకోవాలి అన్నది. నేడు ఎక్కువ దోజోల్లో నల్ల పట్టీ వచ్చాకే హకామా. హోంబులో ఆడవాళ్లు మూడో క్యూ నుంచి వేసుకోవచ్చు. యోషిన్‌కాన్‌లో సాధారణంగా బోధించేవాళ్లకే. దాంతో చూసేవాళ్లకు హకామా అంటే హోదా అని స్థిరపడిపోయింది. కానీ ఉయెషిబా దగ్గర ఉండి నేర్చుకున్న మిత్సుగి సావొతొమె రాసిందాని ప్రకారం, ఆయన దోజోలో చాప మీద అడుగుపెట్టిన తొలిరోజు నుంచీ అందరికీ హకామా తప్పనిసరి. అది లేకుండా రావడం లోదుస్తులతో వచ్చినట్టేనని పెద్దాయన పట్టుదల.

మరి మధ్యలో ఏం జరిగింది? యుద్ధం జరిగింది. గుడ్డ దొరకలేదు. 1946లో పద్ధెనిమిదేళ్ల వయసులో ఇవామా వచ్చి చేరి, రైల్వేలో పనిచేస్తూ నేర్చుకున్న మొరిహిరో సైతో ఆ రోజుల గురించి చెప్పేవారు. పాత పరుపు గలేబును కత్తిరించి, చవక రంగులో ముంచి, కుట్టుపని తెలిసినవాళ్లకిచ్చి హకామా కుట్టించుకునేవారట. కొన్నాళ్లకు రంగు వెలిసి కింద ఉన్న పరుపు పూలు బయటపడేవి, గుడ్డలోంచి దూది పోగులు ఊడివచ్చేవి. ఇంకో పెద్ద గురువు షిగెనొబు ఒకుమురా చెప్పింది మరీ కదిలించే సంగతి. వైమానిక దాడులప్పుడు దీపం వెలుగు బయటికి కనపడకుండా కిటికీలకు కట్టిన నల్ల తెరలను హకామాలుగా కుట్టుకున్నారు. ఏళ్ల తరబడి ఎండకు కాలిన ఆ గుడ్డ కూర్చుని పట్లు చేయగానే మోకాళ్ల దగ్గర పొడిపొడి అయ్యేది. అతుకులు వేసి వేసి విసిగిపోయాక ఎవరో అన్నారు, షొదాన్ వచ్చేదాకా హకామా అక్కర్లేదని పెట్టుకుంటే పోదా అని. ఖర్చు తప్పించుకోవడానికి చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు అది. దానికీ హోదాకూ ఏ సంబంధమూ లేదని ఒకుమురా స్పష్టంగా చెప్పారు.

లేమిలో పుట్టిన సర్దుబాటు కలిమి వచ్చాక అంతస్తుగా నిలబడింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా ఆ నల్ల కుచ్చిళ్లను చూసి బెదిరే కొత్తవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. పేదవాడి మీద భారం పడకూడదని పెట్టిన నియమం అది. దాన్ని ఆ అర్థంలోనే కాపాడుకునే దోజో మంచి దోజో. ఆడవాళ్లకు వేరే వరస ఎందుకన్న ప్రశ్నకు మర్యాద అనే పాత సమాధానం ఇప్పుడు సరిపోదు. అందరికీ ఒకే మెట్టు దగ్గర ఇవ్వడమే న్యాయం.

ఆయుధాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చెక్కకత్తి బొక్కెన్, దాదాపు 128 సెంటీమీటర్ల జో కర్ర, చెక్క బాకు టాంతో. జపాన్‌లో వీటి తయారీకి పెట్టింది పేరు మియాజకి ప్రాంతంలోని మియాకొనొజో. తెల్ల ఓక్ చెక్కతో చేసినవి దెబ్బకు తేలిగ్గా చీలవు. ఎక్కువ దోజోల్లో గోడకు నాలుగైదు అదనంగా ఆనించి ఉంటాయి, మొదట్లో అవి చాలు. మెత్తటి చెక్కతో చేసిన చవక కత్తిని మాత్రం కొనకూడదు. అది విరిగి పేడు లేస్తే ఎదుటివాడి కంటికి ముప్పు.

మన దగ్గర నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. జూడో డ్రెస్‌లు మన దేశంలోనే దొరుకుతాయి. మీరట్, జలంధర్ క్రీడాసామగ్రి తయారీకి పేరున్న ఊళ్లు. విశాఖ ఉక్కపోతకూ రామగుండం ఎండకూ ఒంటి నేతకు మించినది వద్దు. మోకాళ్లకు రెండో పొర కావాలంటే వీధి చివరి దర్జీ వేసిపెడతాడు. మెట్టెలు, గాజులు, ఉంగరాలు, ముక్కుపుడక, నల్లపూసలు ఇంటి దగ్గరే తీసి రావాలి. చాప మీద ఉత్తకాళ్లతోనే ఉంటారు కాబట్టి కాలి మెట్టె చాప అంచులో చిక్కుకుంటే వేలు విరుగుతుంది, పక్కవాళ్లకు గీరుకుంటుంది. తీయడానికి మనసొప్పనివాళ్లు ఆ సంగతి గురువుతో ముందే మాట్లాడుకుంటే దారి దొరుకుతుంది. చాప దాకా వేసుకొచ్చే చెప్పులు విడిగా ఉంటే ఇంకా మంచిది, బయటి మట్టి లోపలికి రాదు.

నేర్పేవాళ్లకు ఒక విన్నపం. నెల ఫీజు, పరీక్ష ఫీజు, ధ్రువపత్రం ఖర్చు, డ్రెస్ ధర, అన్నీ ఒక కాగితం మీద రాసి గుమ్మం పక్కన అతికించండి. తకెదా వందేళ్ల కిందటే లెక్క రాయించి పెట్టారు, అందులో నామోషీ లేదు. మొదటి నెల ట్రాక్ ప్యాంటు, నిండు చేతుల చొక్కాతో రానివ్వండి. పాత విద్యార్థులు వదిలేసిన డ్రెస్‌లు ఉతికి ఒక పెట్టెలో ఉంచండి, కొత్తగా వచ్చే పిల్లలకు అవి అక్కరకొస్తాయి. హకామా కొనలేక వెనక్కి తగ్గే శిష్యుడుంటే మీ పాతది ఇవ్వండి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా ఒక క్లాసు పక్కన కూర్చుని చూసి రండి. నచ్చితే నెల ఫీజు కట్టండి, డ్రెస్ రెండో నెల కొనుక్కోవచ్చు. మొదటి రోజుకు కత్తిరించిన గోళ్లు, ఉతికిన బట్టలు, మోకాళ్లు కప్పే ప్యాంటు ఉంటే చాలు.